‘రెండు వైపులా సరిపోయింది కదా, మరి ఎందుకు తప్పు?’

ప్రశ్న: సార్, నమస్తే. మాది సూర్యాపేట దగ్గర ఒక ఊరు. ఇంట్లో బట్టలు కుడతాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. మా పాప పదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. లెక్కల్లో చురుకే గానీ కెమిస్ట్రీలో ఈక్వేషన్లు బ్యాలెన్స్ చేయమంటే ఏడుపు ముఖం పెడుతుంది. మొన్న స్లిప్ టెస్టులో ఇరవైకి నాలుగు వచ్చాయి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్ళు అయ్యేది కూడా తప్పు రాసింది. హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ₂ అని రాస్తే వాళ్ళ సార్ కొట్టేశారు. ‘రెండు వైపులా రెండేసి సరిపోయాయి కదమ్మా, మరి ఎందుకు తప్పు?’ అని నన్ను అడిగింది. నాకు చెప్పడం రాలేదు. ఇప్పుడు గైడులో ఉన్నవన్నీ బట్టీ పడుతోంది. రాత్రి పదకొండు దాకా చదివి, పొద్దున్నకి మర్చిపోతోంది. వాళ్ళ నాన్న ట్యూషన్ పెట్టిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ట్యూషన్ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు మీ పాప అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అది చాలా మంచి ప్రశ్న. చాలా ఏళ్ళు హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్పాను. ఈ తప్పు చేసిన పిల్లలు ఏటా కనిపించేవారు. కానీ ‘ఎందుకు తప్పు?’ అని నిలబెట్టి అడిగినవాళ్ళు బాగా తక్కువ. అడిగే పిల్లకు ఈ పాఠం తప్పకుండా వస్తుంది.

చిన్న మాట. మీరు చదివి పాపకు వినిపించడానికి వీలుగా ఉంటుందని సంకేతాలను పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. నోట్‌బుక్కులో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయించండి.

పాప కూడిక తప్పలేదు. ఎడమ వైపు హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ రెండు ఉన్నాయి. కుడి వైపూ అంతే. అయితే లెక్క కుదర్చడం కోసం తను నీళ్ళనే మార్చేసింది. హెచ్₂ఓ అంటే నీళ్ళు. హెచ్₂ఓ₂ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. దెబ్బ మీద పోస్తే బుసబుసా నురగ వచ్చే మందు ఉంటుందే, అదే. కింద ఒక్క అంకె చేరేసరికి తాగే నీళ్ళు తాగకూడని మందు అయిపోయాయి. ఇలాంటిదే ఇంకో జత ఉంది. సీఓ₂ మనం వదిలే ఊపిరిలో ఉంటుంది, సోడా బుడగల్లో ఉంటుంది. ఆ కింది రెండు తీసేస్తే సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళ ప్రాణాలు తీసే వాయువు అది. కింది అంకెను చూసి పాప భయపడక్కర్లేదు గానీ, దాని జోలికి మాత్రం వెళ్ళకూడదు. అది పదార్థం పేరులో భాగం. మనం వేయగలిగింది ముందు అంకె ఒక్కటే. అది ఎన్ని అణువులో చెబుతుంది.

ఇది మీ మిషన్ దగ్గరే కూర్చుని చూపించవచ్చు. ఒక జాకెట్‌కు ఒక ఒంటి ముక్క (ఒంటిని కప్పే భాగం), రెండు చేతులు కావాలి కదా. నీటి అణువూ అలాంటిదే. ఒక ఆక్సిజన్‌కు రెండు హైడ్రోజన్లు. ఆక్సిజన్ ఒంటి ముక్క, హైడ్రోజన్లు చేతులు అనుకోండి. ఇప్పుడు గుడ్డలమ్మే కొట్టువాడు చేతుల ముక్కలు విడిగా ఇవ్వడు, జతగానే ఇస్తాడు. ఒంటి ముక్కలు కూడా జతగానే ఇస్తాడు. హెచ్₂, ఓ₂ అని రాయడంలో ఉన్న అర్థం అదే. మీరు చేతుల జత ఒకటి, ఒంటి ముక్కల జత ఒకటి తెచ్చారు. ఒక జాకెట్ కుట్టారు. ఒక ఒంటి ముక్క మిగిలిపోయింది. దాన్ని ఏం చేస్తారు? మొదటి జాకెట్‌కే రెండో ఒంటి ముక్క తగిలించి ‘తెచ్చిందంతా సరిపోయింది’ అంటే తొడుక్కునే ఆవిడ ఊరుకుంటుందా? పాప చేసింది అదే. మీరైతే వెళ్ళి ఇంకో చేతుల జత తెస్తారు. అప్పుడు రెండు జతల చేతులు, ఒక జత ఒంటి ముక్కలు కలిసి రెండు జాకెట్లు అవుతాయి. ఏదీ మిగలదు, ఏదీ తగ్గదు.

2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ.

ఈ రెండులు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు పాపే చెబుతుంది. కత్తిరింపు ముక్కలు మీ ఇంట్లో ఎలాగూ ఉంటాయి. రెండు రంగులవి తీసి, నిజంగానే పేర్చి చూపించండి. పది నిమిషాల పని. గైడులో పది పేజీలు తిప్పినా రానిది అక్కడ వస్తుంది.

ఎడమ వైపు పదార్థాలు కుడి వైపు పదార్థాలుగా మారేటప్పుడు ఒక్క పరమాణువు కూడా పుట్టదు, మాయం కాదు. జతలు విడిపోయి కొత్త జతలు కడతాయి, అంతే. పాఠంలో దీన్నే ద్రవ్యనిత్యత్వ నియమం అంటారు. దీన్ని తూకం వేసి గట్టిగా నిలబెట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన లవాజియే. 1774లో ఆయన తగరాన్ని మూసేసిన గాజు పాత్రలో వేడి చేశాడు. తగరం బూడిదలా మారింది గానీ, మొత్తం పాత్ర బరువు మారలేదు. మూత తీశాక గాలి లోపలికి దూసుకుపోయింది. అప్పుడు బరువు పెరిగింది. పాత్ర లోపలి గాలిలో కొంత భాగాన్ని తగరం పట్టుకుందన్నమాట. మూయకుండా చేస్తే ‘తగరం కాలితే బరువు పెరిగింది’ అనో, కట్టెలు కాలిస్తే ‘బరువు తగ్గిపోయింది’ అనో అనుకుంటాం. గాలిని లెక్కలోకి తీసుకోకపోవడమే ఆ పొరపాటుకు కారణం. మీ పాపకు ఈ కథ చెప్పండి. సమీకరణంలో వాయువులను కూడా ఎందుకు లెక్కపెట్టాలో దానితో తెలుస్తుంది.

ఇప్పుడు వంటింట్లోకి రండి. సిలిండర్‌లో ఉండేది ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువులు, ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. ప్రొపేన్ సీ₃హెచ్₈. స్టవ్ మీద మండితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డై ఆక్సైడ్, నీటి ఆవిరి అవుతాయి. దీన్ని తుల్యం (బ్యాలెన్స్) చేసేటప్పుడు పిల్లలు ముందు ఆక్సిజన్‌ను పట్టుకుంటారు. అక్కడే చిక్కుకుంటారు. ఆక్సిజన్ కుడి వైపు రెండు చోట్ల ఉంది, ఒక చోట సరిచేస్తే ఇంకో చోట కదులుతుంది. ఒక్క చోటే ఉన్నవాటితో మొదలుపెట్టాలి. కార్బన్ ఎడమ వైపు మూడు, కాబట్టి కుడి వైపు మూడు సీఓ₂. హైడ్రోజన్ ఎనిమిది, నీటిలో రెండేసి ఉంటాయి కాబట్టి నాలుగు నీళ్ళు. ఈ రెండూ కుదిరాక కుడి వైపు ఆక్సిజన్లు ఎన్ని? మూడు రెళ్ళు ఆరు, నాలుగు ఒకట్లు నాలుగు, మొత్తం పది. ఆక్సిజన్ జతగా వస్తుంది కాబట్టి అయిదు జతలు.

సీ₃హెచ్₈ + 5ఓ₂ → 3సీఓ₂ + 4హెచ్₂ఓ.

ఒంటరిగా ఉన్న మూలకాన్ని చివరికి వదిలేయమని చెప్పేది ఇందుకే. దాని ముందు ఏ అంకె వేసినా ఇంకెవరినీ కదపదు.

బ్యూటేన్ దగ్గర ఇంకో టెన్షన్ వస్తుంది. సీ₄హెచ్₁₀. అదే వరసలో చేస్తే నాలుగు సీఓ₂, అయిదు నీళ్ళు, ఆక్సిజన్లు పదమూడు. జతలు ఆరున్నర! పిల్లలు అక్కడ మొత్తం కొట్టేసి మళ్ళీ మొదటికి వస్తారు. కొట్టేయక్కర్లేదు. ఆరున్నరతోనే లెక్క కుదిరింది. అన్నింటినీ రెండుతో గుణిస్తే చాలు.

2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ.

ఇక్కడ ఆగి, పాపతో ఒక లెక్క వేయించండి. లెక్కల్లో చురుకన్నారు కాబట్టి ఇష్టంగా చేస్తుంది. ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. అదంతా బ్యూటేనే అనుకుంటే, పై సమీకరణం ప్రకారం అది పూర్తిగా మండడానికి గాలి నుంచి దాదాపు 51 కిలోల ఆక్సిజన్ తీసుకుంటుంది. బదులుగా సుమారు 43 కిలోల కార్బన్ డై ఆక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి బయటికి వస్తాయి. 14.2, 51 కలిపితే 65 చిల్లర. 43, 22 కలిపినా 65. మీరు వంట చేసిన నెలా నెలన్నరలో మీ వంటింట్లో ఇంత జరుగుతుంది. చల్లటి గిన్నె పొయ్యి మీద పెట్టగానే అడుగున ఒక్క క్షణం చెమ్మ పట్టడం మీరు చూసే ఉంటారు. ఆ 22 కిలోల్లో కొంచెం అదే. వంటింటి కిటికీ ఎందుకు తెరవాలో కూడా ఆ పదమూడే చెబుతుంది. తగినంత ఆక్సిజన్ అందకపోతే సీఓ₂కు బదులు సీఓ తయారవుతుంది. గాలి ఆడని బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్లు పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదివినప్పుడల్లా నాకు ఈ సమీకరణమే గుర్తొస్తుంది. పిల్లలకు దీన్ని అయిదు మార్కుల ప్రశ్నగా మాత్రమే చెప్పి వదిలేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇక బట్టీ సంగతి. గైడులోని సమీకరణాలను బట్టీ పట్టడం ఆపించండి. పరీక్షలో ఒక్క పదార్థం మారితే ఆ బట్టీ పనికిరాదు. కానీ బట్టీ పట్టి తీరాల్సింది ఇంకొకటి ఉంది, సంయోజకతలు (వేలెన్సీలు), అంటే ఏది ఎన్ని బంధాలు కట్టగలదో చెప్పే అంకెలు. పిల్లలు బ్యాలెన్సింగ్ రావడం లేదని వస్తారు గానీ, కూర్చోబెట్టి చూస్తే చాలామందికి రానిది ఫార్ములా రాయడం. కాల్షియం క్లోరైడ్‌కు ఒక క్లోరిన్ చాలనుకుంటే, ఆ తర్వాత ఎంత బ్యాలెన్స్ చేసినా తప్పే వస్తుంది. పునాది వంకరగా ఉంటే గోడ ఎలా నిలబడుతుంది?

ఒక అట్ట మీద ఇవి రాసి పాప చదువుకునే చోట పెట్టండి. హైడ్రోజన్, సోడియం, పొటాషియం, క్లోరిన్, వెండి ఒకటి. ఆక్సిజన్, కాల్షియం, మెగ్నీషియం, బేరియం, జింక్ రెండు. అల్యూమినియం మూడు. ఇనుముకు రెండు, మూడు రెండూ ఉంటాయి. రాగికి ఒకటి, రెండు. కొన్ని పరమాణువులు కలిసి మూటలుగా తిరిగేవి కొన్ని ఉన్నాయి. నైట్రేట్, హైడ్రాక్సైడ్, అమ్మోనియం ఒకటి. సల్ఫేట్, కార్బొనేట్ రెండు. ఫాస్ఫేట్ మూడు. ఒంటరిగా రాయాల్సి వచ్చినప్పుడు జతగా రాయాల్సినవి ఏడు: హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్. పదో తరగతికి దాదాపు ఇవి చాలు. వారం రోజుల్లో వచ్చేస్తాయి. సోడియానికి ‘ఎన్ఏ’ ఏమిటి, ఇనుముకు ‘ఎఫ్ఈ’ ఏమిటి అని పాప విసుక్కుంటే అందులో ఆమె తప్పు లేదు. అవి నేట్రియం, ఫెర్రం అనే లాటిన్ పేర్ల మొదటి అక్షరాలు. ఇలా అక్షరాలతో రాసే పద్ధతి 1813, 1814ల్లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ప్రవేశపెట్టాడు.

మూటల గురించి ఒక మాట. మా చిన్నప్పుడు కాలువకు కొత్త నీళ్ళొచ్చినప్పుడు ఎర్రగా బురదగా ఉండేవి. బిందెలో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పి వదిలేస్తే తెల్లారేసరికి మట్టి అడుగుకు చేరి తేట నీళ్ళు పైకి తేలేవి. ఊళ్ళకు నీళ్ళు శుద్ధి చేసే చోట కూడా పటిక జాతిదే అల్యూమినియం సల్ఫేట్ వాడతారు, అవసరమైతే సున్నం కలుపుతారు. రెండూ కలిస్తే అల్యూమినియం హైడ్రాక్సైడ్ దూదిలా విచ్చుకుని, మట్టిని పట్టుకుని కిందికి దిగుతుంది.

ఏఎల్₂(ఎస్ఓ₄)₃ + 3సీఏ(ఓహెచ్)₂ → 2ఏఎల్(ఓహెచ్)₃ + 3సీఏఎస్ఓ₄.

చూడగానే కళ్ళు తిరుగుతాయి. ఎందుకంటే పిల్లలు సల్ఫేట్ మూట విప్పి సల్ఫర్లు, ఆక్సిజన్లు విడివిడిగా లెక్కపెడతారు. మూట రెండు వైపులా మూటగానే ఉన్నప్పుడు విప్పకూడదు. అల్యూమినియం ఎడమ వైపు రెండు, కుడి వైపు రెండు. సల్ఫేట్ మూటలు ఇటు మూడు, అటు మూడు. కాల్షియం మూడు, మూడు. హైడ్రాక్సైడ్ మూటలు ఇటు మూడు రెళ్ళు ఆరు, అటు రెండు మూళ్ళు ఆరు. అయిపోయింది. ముందు వేసిన అంకె ఆ ఫార్ములా మొత్తాన్ని గుణిస్తుందని, బ్రాకెట్ బయటి అంకె బ్రాకెట్‌లో ఉన్నదాన్ని మాత్రమే గుణిస్తుందని ఒక్కసారి గట్టిగా చెప్పండి.

అసలు అంకెలేవీ వేయక్కర్లేని సమీకరణాలూ ఉంటాయి. వాటి దగ్గర పిల్లలు ఇంకా ఎక్కువ కంగారు పడతారు, ఏదో ఒకటి వేయకపోతే తప్పేమో అని. మీ జిల్లాలో మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది సున్నపురాయి కోసం. కృష్ణ దాటితే పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు. బట్టీలో సున్నపురాయిని కాలిస్తే పొడి సున్నం మిగిలి, కార్బన్ డై ఆక్సైడ్ గాలిలోకి పోతుంది. సీఏసీఓ₃ → సీఏఓ + సీఓ₂. ఉన్నది ఉన్నట్టే సరిపోయింది. వంద కిలోల శుద్ధమైన రాయి కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల వాయువు. ఆ పొడి సున్నాన్ని నీళ్ళలో వేస్తే కుతకుతలాడి తడి సున్నం అవుతుంది. దాన్ని గోడకు వెల్ల వేస్తే, కొన్ని రోజులకు గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌నే మళ్ళీ పీల్చుకుని, నీటిని వదిలి, తిరిగి సున్నపురాయి పొరగా గట్టిపడుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి తెచ్చుకుందన్నమాట. ఈ మూడు చర్యలూ పాప చేత వరసగా రాయించండి. బట్టీలో రాయి విడిపోయేది రసాయన వియోగం, పొడి సున్నం నీళ్ళతో కలిసేది సంయోగం అని పేర్లు కూడా అవే గుర్తుంటాయి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. తుల్యం అయిన ప్రతి సమీకరణమూ నిజంగా జరిగే చర్య కాదు. రాగిని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే కాపర్ క్లోరైడ్, హైడ్రోజన్ వస్తాయని కాగితం మీద చక్కగా రాయవచ్చు, అంకెలూ కుదురుతాయి. కానీ గ్లాసులో ఏమీ జరగదు. హైడ్రోజన్‌ను బయటికి నెట్టేంత చురుకు రాగికి లేదు. జింక్‌కు ఉంది, బుడగలు వస్తాయి. చింతపండుతో రాగి చెంబు తోమితే మెరుస్తుంది కదా అంటారేమో. చింతపండు పులుపు కరిగించేది పైన పట్టిన చిలుమును. కింద ఉన్న రాగి అలాగే ఉంటుంది. ముందు ఏం జరుగుతుందో తెలియాలి, తర్వాత ఎంతెంతో లెక్కపెట్టాలి. గైడు పిల్లల చేత రెండోది మాత్రమే చేయిస్తుంది.

ట్యూషన్ ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. కొట్టేసిన ఆ సార్‌నే ఒకసారి కలవండి. ‘మా పాప ఇలా అడుగుతోంది సార్’ అని చెప్పండి. పిల్ల ప్రశ్నతో వస్తే సంతోషించని టీచర్‌ను నేను అరుదుగా చూశాను. రెండు వారాలు రోజుకు నాలుగే సమీకరణాలు, రాత్రి తొమ్మిదికల్లా పుస్తకం మూసేయాలి. ప్రతి దాని కింద ఎడమ వైపు ఏది ఎన్ని, కుడి వైపు ఏది ఎన్ని అని రాసి చూపించాలి. మొదటి వారం తప్పులు వస్తాయి. వాళ్ళ నాన్నగారిని ఆ వారం మార్కుల మాట ఎత్తొద్దని చెప్పండి. రెండు వారాల తర్వాత కూడా ఫార్ములాలే రాయలేకపోతుంటే అప్పుడు ట్యూషన్ ఆలోచించవచ్చు.

గుడ్డ ముక్కల ఆట అయ్యాక పాపకు ఇది ఇవ్వండి. ఎర్రగా కాలిన ఇనుము మీదుగా నీటి ఆవిరి పంపితే ఎఫ్ఈ₃ఓ₄ అనే ఆక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. ముందు పదార్థాలు రాయమనండి, తర్వాత ఇనుముతో మొదలుపెట్టమనండి. జవాబు మీ దగ్గరే ఉంచుకోండి: ఇనుము మూడు, నీళ్ళు నాలుగు, ఆక్సైడ్ ఒకటి, హైడ్రోజన్ నాలుగు జతలు. నీళ్ళకు నాలుగు ఎందుకు వేయాల్సి వచ్చిందో పాప మాటల్లోనే నాకు రాసి పంపమనండి.